మూడంకెలు రాయడానికి ఇంత బద్ధకమా?

మా అక్కయ్య పెళ్ళి చీర కుంకుమ రంగు. కాషాయం కాదు, నారింజ కాదు, ఇటుక రంగు అంతకన్నా కాదు. ముదురు కుంకుమ రంగు ధర్మవరం పట్టు, చిలకపచ్చ అంచు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2023లో ఆ రంగు గురించి మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. పంచాయితీ తెనాలిలో, ముద్దాయి ఒక వీడియో ఫైలు, ఫోన్లోంచి గుడ్లప్పగించి చూస్తున్న సాక్షిని నేను, డబ్లిన్ నుంచి. (ఐర్లండు డబ్లిన్ కాదండోయ్! కాలిఫోర్నియాలో 580, 680 హైవేలు కలిసే చోట ఉన్న డబ్లిన్. ఇక్కడికొచ్చిన కొత్తలో మా మేనత్త నన్ను "లండన్ దగ్గరేగా?" అని అడిగింది. అవునన్నాను, ఓపిక లేక.)

జరిగిందేంటంటే, అక్కయ్య పెళ్ళి 1998లో. అప్పటి అందరి పెళ్ళిళ్ళలాగే వీహెచ్ఎస్ క్యాసెట్టు. 2016లో అమ్మ బీరువా సర్దుతూ దానికి బూజు పట్టడం చూసి, భయపడి, ఊళ్ళో ఒక స్టూడియోకి ఇచ్చింది. వాళ్ళు దాన్ని రెండు ఫైళ్ళు చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. "టీవీ నిండా వచ్చేలా హెచ్‌డీ చేశామండీ" అని కొంచెం ఎక్కువే పుచ్చుకున్నారు. క్యాసెట్టు ఇక పనికిరాదని వాళ్ళే పారేశారు. చిన్న తెర మీద చూసినన్నాళ్ళూ ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

2023లో అక్కయ్య పెళ్ళికి పాతికేళ్ళయింది. బావగారు కొత్తగా కొన్న పెద్ద టీవీలో పెళ్ళి వీడియో పెట్టారు. అమ్మ రెండు నిమిషాలు చూసి, "అదేంటే, చీర కాషాయంలా ఉంది?" అంది. అక్కయ్య లోపలికెళ్ళి బీరువాలోంచి ఆ చీరే తెచ్చి టీవీ పక్కన పట్టుకుంది. ఇంక వాదించేదేముంది! ఇక్కడ కుంకుమ, అక్కడ నారింజ. ఇక్కడ చిలకపచ్చ అంచు, అక్కడ మురిగిన ఆకు.

అప్పుడు బావగారు తీర్పు చెప్పేశారు. "పాత క్యాసెట్టు కదా, రంగులు పోయుంటాయి." అందరం తలూపాం. కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ వెలగబెట్టి, ఒక వీడియో కంపెనీకి రెండేళ్ళు కన్సల్టింగ్ చేసొచ్చిన నేను కూడా తలూపాను. సిగ్గుచేటు.

రంగు పోలేదండీ. ఒక్క చుక్క కూడా పోలేదు. ఫైల్లో ఉన్న అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఆ అంకెల్ని ఏ లెక్క ప్రకారం చదవాలో చెప్పే చీటీ ఒకటి ఉంటుంది, అది ఎవరూ రాయలేదు. అంతే. నా గొడవంతా ఆ చీటీ గురించే.

మనకి ఈ రోగం కొత్తది కాదు. ఇంటర్నెట్ సెంటర్లో గంటకింతని కట్టి తెలుగు సైట్లు చూసిన రోజులు గుర్తున్నాయా? ఈనాడు పేజీ తెరిస్తే, వాళ్ళ ఫాంటు లేకపోతే తెర నిండా పిచ్చి గీతలు. వార్త అక్కడే ఉంది, అక్షరాలన్నీ ఉన్నాయి, కానీ ఏ అంకె ఏ అక్షరమో కంప్యూటరుకి తెలియదు. ఆ గీతల్ని యూనికోడ్‌లోకి మార్చడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అని ఒక పొడిగింత పెట్టుకునేవాళ్ళం. లేఖినిలో టైపు చేసి, కనపడ్డవాడికల్లా యూనికోడ్ వాడరా నాయనా అని చెప్పి చెప్పి, పదేళ్ళకి పైగా పోట్లాడి తెలుగు అక్షరాన్ని ఒడ్డున పడేశాం. రంగులకీ సరిగ్గా అదే జబ్బు. మరి వాటి తరఫున ఒక్కడూ పోట్లాడడేం?

కాస్త లెక్క చెప్తాను, పారిపోకండి. వీడియో ఫైల్లో ఎరుపు ఇంత, పచ్చ ఇంత, నీలం ఇంత అని రాసి ఉండదు. వెలుగు ఎంత అన్నది ఒక అంకె, రంగు ఎటు ఎంత ఒరిగిందన్నది ఇంకో రెండంకెలు. మన కన్ను వెలుగుని పట్టినంత నిశితంగా రంగుని పట్టదు కాబట్టి, రంగు అంకెల్ని పొదుపుగా దాస్తే ఫైలు చిన్నదవుతుంది. బావుంది. కానీ ఆ వెలుగు అంకె కట్టడానికి రెండు లెక్కలున్నాయి. 1982లో వచ్చిన 601 అనే ప్రమాణం ప్రకారం వెలుగంటే 29.9 శాతం ఎరుపు, 58.7 శాతం పచ్చ, 11.4 శాతం నీలం. (మన దూరదర్శన్‌కి రంగులొచ్చింది కూడా ఆ ఏడాదే, చూశారా!) హెచ్‌డీ కోసం 1990లో వచ్చిన 709 ప్రకారమైతే 21.26 శాతం ఎరుపు, 71.52 శాతం పచ్చ, 7.22 శాతం నీలం. ఏ లెక్కతో కట్టారో ఆ లెక్కతోనే విప్పాలి. 601తో కట్టినదాన్ని 709తో విప్పితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడండి. అచ్చమైన ఎరుపు, అంటే 255, 0, 0 కాస్తా 255, 25, 0 అయి కూర్చుంటుంది. అచ్చమైన పచ్చ 255 నుంచి దాదాపు 215కి దిగిపోతుంది. ఎరుపు నారింజవైపు జరిగింది, పచ్చ మబ్బేసింది. మా అక్కయ్య చీరా, దాని అంచూ!

స్టూడియో చేసిన పని ఇప్పుడు మీకే తెలిసిపోయుంటుంది. క్యాసెట్టు నుంచి పట్టుకున్నప్పుడు 720 బై 576, అంటే 601 లెక్క. దాన్ని 1920 బై 1080కి సాగదీశారు. సాగదీసేటప్పుడు లెక్క మార్చలేదు, పోనీ పాత లెక్కే ఉందని చీటీ అయినా రాయలేదు. చీటీ లేకపోతే ప్లేయరు పాపం ఏం చేస్తుంది? ఊహిస్తుంది. బొమ్మ చిన్నదైతే 601 అనుకో, పెద్దదైతే 709 అనుకో, ఇదీ చాలా ప్లేయర్ల పద్ధతి. బొమ్మ పెద్దదిగా ఉంది, 709 అనుకుంది. మనిషి పొడుగుని బట్టి ఊరు చెప్పడం లాంటిదన్నమాట.

ఇంతవరకూ అయితే నేను ఇంత ఆవేశపడేవాణ్ణి కాదు. అసలు నష్టం తర్వాత జరిగింది.

మా మేనకోడలు రెండో ఫైలు పట్టుకుని మళ్ళీ అదే స్టూడియోకి వెళ్ళింది, రంగు సరిచేయమని. ఆయన పాపం మంచివాడే. తెర మీద ఎరుపు ఎక్కువైందని ఎరుపు తగ్గించాడు. చీర కుంకుమకి దగ్గరగా వచ్చేవరకూ తగ్గించి, మళ్ళీ ఎన్‌కోడ్ చేసి, పాత ఫైలు మీదే రాసేశాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. అందరూ సంతోషించారు. ఓ వారం తర్వాత అమ్మ ఫోన్లో ఊరికే అన్నట్టుగా అంది, "మీ నాన్న ఆ రోజు ఇంత పాలిపోయి లేర్రా. జ్వరం మనిషిలా ఉన్నారు ఇందులో."

నాన్న 2009లో పోయారు. ఫొటోలు చాలానే ఉన్నాయి. కానీ నాన్న నడవడం, ఎవర్నో పిలిచి భుజం మీద కండువా సర్దుకోవడం, ఇవి ఉన్నది ప్రపంచం మొత్తం మీద ఆ పెళ్ళి వీడియోలోనే. చీర రంగు కోసం ఎరుపు తగ్గిస్తే ఆ ఎరుపు మొహాల్లోంచి కూడా పోయింది. తప్పు లెక్కలో ఉంటే, దిద్దుబాటు మా నాన్న మొహం మీద జరిగింది.

ఇదీ నేను మొత్తుకునేది. చీటీ లేకపోవడం చిన్న తప్పు, ఎప్పుడైనా రాసుకోవచ్చు. ఆ తప్పుని కంటితో చూసి రంగు దిద్దడం పెద్ద తప్పు, ఇంక వెనక్కి రాదు. నారింజగా కనపడిన చీర వెనకాల అసలు అంకెలు భద్రంగా ఉన్నాయి. దిద్దినదాని వెనకాల ఏమీ లేవు.

మొదటి ఫైలు కాపీ ఒకటి అదృష్టం కొద్దీ నా దగ్గరుంది. గౌరీపూజ, ఎదురుకోళ్ళు, జీలకర్ర బెల్లం దాకా అందులో ఉన్నాయి. ఒక శనివారం పొద్దున్న కాఫీ పెట్టుకుని కూర్చుని అందులో చీటీ రాశాను. మళ్ళీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు, బొమ్మని ముట్టుకోనక్కర్లేదు. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. చీర కుంకుమ రంగుకి వచ్చింది, అంచు చిలకపచ్చకి వచ్చింది, నాన్న తన రంగులో తను తిరుగుతున్నారు. మంగళసూత్రం, తలంబ్రాలు, అప్పగింతలు ఉన్న రెండో ఫైలు మాత్రం దిద్దినదొక్కటే మిగిలింది. అప్పగింతల్లో నాన్న ఇంక ఎప్పటికీ జ్వరం మనిషే.

సరే, సొంత గోడు చాలు. ఈ మాట ఎక్కడ ఎత్తినా నాకు వినపడే జవాబులు మూడు. ఒక్కోదాని పని పడతాను.

ఒకటో జవాబు: "ఈ తేడా ఎవడికి తెలుస్తుందండీ?" మా అమ్మకి తెలిసింది. ఆవిడ ఏడో తరగతి దాకా చదువుకుంది, 601కీ 709కీ తేడా తెలియదు. కుంకుమకీ కాషాయానికీ తేడా తెలుసు. రంగుల పేర్ల విషయంలో మన ఆడవాళ్ళతో వాదించి నెగ్గినవాడు ఎవడైనా ఉంటే చెప్పండి! వంగపండు, నెమలిపింఛం, గంధం, మామిడిచిగురు, రాణీరంగు అని ఇన్ని పేర్లు పెట్టుకున్న జాతికి "తేడా తెలియదు" అని చెప్పడానికి ఎన్ని గుండెలు?

రెండోది: "ప్లేయర్లే చూసుకుంటాయి." చూసుకోవండీ, ఊహిస్తాయి. వీఎల్‌సీ ఊహ వేరు, టీవీ ఊహ వేరు, ఫోను ఊహ వేరు. ఒకే ఫైలు మూడు చోట్ల మూడు రంగుల్లో కనపడి మీరు టీవీ సెట్టింగుల్ని తిట్టుకున్న రోజులుంటే, అవి ఈ ఊహల పుణ్యమే కావచ్చు. యూట్యూబ్ సంగతైతే వాళ్ళ సహాయ పేజీల్లోనే రాసి ఉంది. మూడు చీటీలూ లేకపోతే 709 అనుకుంటారు. చిన్న సైజు పాత వీడియోని చీటీ లేకుండా ఎక్కించారా, అంతే సంగతులు.

మూడోది: "పాత సినిమాలు, పాత క్యాసెట్లు, ఎలాగూ అలాగే ఉంటాయి." ఈ మాటకే నాకు ఒళ్ళు మండుతుంది. లవకుశ తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రం. మొదలుపెట్టాక నిర్మాతకి డబ్బు లేక ఆగిపోయింది. తండ్రి సి. పుల్లయ్య మొదలుపెట్టినదాన్ని కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేసి, 1963లో విడుదలయ్యేసరికి ఏళ్ళు గడిచాయి. రంగుల్లో తీయకుండా నలుపు తెలుపులో చుట్టేసుంటే ఈ తిప్పలు ఎంతో కొంత తప్పేవేమో. రంగు కోసం ఓర్చుకున్నారు వాళ్ళు. 1957 నాటి మాయాబజార్‌కి 2010లో హైదరాబాదులో గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులద్దారు. అలా రంగు వేయడం మంచిదా చెడ్డదా అన్నది వేరే పోట్లాట. కానీ ఎవరో కూర్చుని ఈ నగ ఈ రంగు, ఈ పంచె ఈ రంగు అని ఫ్రేము ఫ్రేముకీ నిర్ణయించారు. ఇలాంటి సినిమాని మనం మూడంకెలు రాయకుండా నెట్టులోకి తోసేసి, పైన "హెచ్‌డీ ఒరిజినల్ ప్రింట్" అని పెద్దక్షరాలతో రాస్తాం. పెద్దక్షరాలకి తీరిక ఉంటుంది, మూడంకెలకి ఉండదు.

నలుపు తెలుపు సినిమాలకి ఈ బాధ లేదు కదా అంటారా? ఉంది. చీటీలో నాలుగో మాట కూడా ఒకటుంటుంది. నలుపు 0 దగ్గర మొదలవుతుందా, 16 దగ్గరా అని. టీవీ పద్ధతిలో నలుపు 16, తెలుపు 235. దీన్ని 0 నుంచి 255 అనుకుని చూపిస్తే నలుపు బూడిదరంగుకి వస్తుంది, సినిమా అంతా సున్నపు తేట పోసినట్టుంటుంది. తిరగేస్తే నీడలన్నీ కలిసిపోయి మసిబొగ్గు. మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెల గురించి మన తాతల దగ్గర్నుంచీ చెప్పుకుంటున్నాం. చీటీ తప్పయితే ఆ వెన్నెల పొగమంచవుతుంది. పిల్లలు చూసి "ఇదేనా మీరు చెప్పింది?" అంటారు. వాళ్ళ తప్పేముంది?

ఇంతకీ ఆ మూడంకెలు ఏంటో చెప్పకపోతే నా ఆవేశం వృథా. ఒకటి, ఏ ఎరుపు, ఏ పచ్చ, ఏ నీలం అన్నది. రెండు, వెలుగు వంపు ఎలాంటిదన్నది. మూడు, ఇందాక చెప్పిన లెక్క. మీ ఫైలుని మీడియాఇన్ఫోలో తెరవండి, వీడియో వివరాల్లో ఈ మూడూ కనపడాలి. అసలు లేకపోయినా, 2, 2, 2 అని ఉన్నా "చెప్పలేదు" అని అర్థం.

ఇండియా క్యాసెట్టు, అంటే 576 గీతల పాల్ అయితే 5, 6, 5. ఇక్కడ ఒక గోతి ఉంది, జాగ్రత్త. పాల్ కదా అని మూడింటికీ 5 పెట్టేయకండి. రెండో స్థానంలో 5 అంటే 2.8 గామా అని వేరే అర్థం, నీడలు పాడవుతాయి. అమెరికా క్యాసెట్టు, 480 గీతలది అయితే 6, 6, 6. మామూలు హెచ్‌డీ అయితే 1, 1, 1.

చీటీ రాయడం వేరు, లెక్క మార్చడం వేరు. ఈనాడు ఫాంటుతో ఉన్న పేజీ మీద యూనికోడ్ అని రాసినంత మాత్రాన అది యూనికోడ్ అవదు కదా? ఇదీ అంతే. క్యాసెట్టు వీడియోని హెచ్‌డీకి సాగదీస్తుంటే ముందు 601 నుంచి 709కి లెక్క మార్చండి, తర్వాత 1, 1, 1 అని రాయండి. ఇప్పటికే సాగదీసేసి చీటీ లేనిదైతే, మా అక్కయ్య ఫైల్లాగా, అసలున్న లెక్క పేరే రాయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా చీటీ మాత్రమే మార్చే ఫిల్టరు ఉంది. కొన్ని టీవీలు మొండివి, పెద్ద బొమ్మ కనపడితే చీటీ చదవనే చదవవు. వాటి కోసం లెక్క మార్చిన కాపీ ఇంకోటి చేసుకోండి. మొదటిది మాత్రం ముట్టుకోకండి. దాని మీద ఎవర్నీ ఏదీ రాయనివ్వకండి.

ఇది పాత క్యాసెట్లతో పోయే గొడవ అనుకుంటే పొరపాటే. ఇప్పటి ఫోన్లు కొన్ని హెచ్‌డీఆర్‌లో తీస్తాయి. వాటి చీటీ 9, 18, 9 లాంటిది. మొన్నామధ్య ఇక్కడ మనవాళ్ళ ఉగాది కార్యక్రమంలో పిల్లల డాన్సు నా ఫోన్లో తీశాను. తొందర్లో మామూలు సెట్టింగులతో ఎన్‌కోడ్ చేసి గ్రూపులో పంపాను. చీటీ ఊడిపోయింది. పట్టు పరికిణీలన్నీ ఉతికి ఉతికి వెలిసిన గుడ్డల్లా, పిల్లలు బూడిద పూసుకున్నట్టు వచ్చారు. ఒక తల్లి "మీ ఫోను కెమెరా మార్చండి అన్నయ్యా" అంది. కెమెరా బంగారం లాంటిదమ్మా, మార్చాల్సింది మీ అన్నయ్యని అనలేకపోయాను. స్టూడియో ఆయన్ని ఇందాకట్నుంచీ అంటున్నాను కానీ, ఈ వరసలో మొదటి ముద్దాయిని నేనే. ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

అందుకే నా కోపం అసలు స్టూడియోల మీద కాదు. పనిముట్లు చేసేవాళ్ళ మీద, అంటే మన మీద. ఈ బే ఏరియాలో వీడియో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువా? చీటీ లేని ఫైలు వస్తే గప్‌చిప్‌గా ఏదో ఒకటి అనుకుని ముందుకు తోసేసే కోడు మనమే రాస్తాం. "ఈ వీడియో ఏ లెక్కలో ఉందో చెప్పండి" అని ఆపి అడగడానికి ఒక్క డబ్బా చాలు. వాడేవాడికి చిరాకని పెట్టం. పిన్ నంబరు తప్పయితే బ్యాంకు "పోనీలే, నాలుగంకెలు ఉన్నాయిగా" అని డబ్బులివ్వదు. రంగు దగ్గర మాత్రం పోనీలే.

పెళ్ళి క్యాసెట్లు మన ఇళ్ళల్లో బూజు పడుతున్నాయి. పట్టేలోపు అందరూ ఫైళ్ళు చేయించుకుంటారు, క్యాసెట్లు పారేస్తారు. ఆ తర్వాత ఫైలే అసలు, దానికి వెనకాల ఇంకేమీ ఉండదు. మీరు స్టూడియోకి వెళ్ళినప్పుడు రెండే మాటలు చెప్పండి. సాగదీయొద్దు, క్యాసెట్లో ఎంతుందో అంతే కావాలి. రంగు చీటీ రాసివ్వాలి. "అదేంటి సార్?" అంటే పైన చెప్పిన అంకెలు చూపించండి. నవ్వితే నవ్వనీయండి. క్యాసెట్టు మాత్రం అక్కడ వదలకుండా తిరిగి తెచ్చేసుకోండి.

అమ్మకి మొదటి ఫైలు పంపించి ఫోన్ చేశాను, ఎలా ఉందమ్మా అని. "చీర సరిపోయింది" అంది. కాసేపాగి, "రెండోది ఎప్పుడు పంపుతావు?" అంది.

పంపలేనని ఇంకా చెప్పలేదు.